సగం పువ్వు

తలుపు తీసేసరికి వీధి మలుపు ఇంటి తెల్ల ముసలావిడ గుమ్మంలో నిలబడి ఉంది.

చేతిలో పళ్ళెం. అందులో ఆపిల్ ముక్కలు కూరి, చుట్టి, ఎర్రగా కాల్చిన పొడవాటి పిండివంట.

"రేతెష్," అంది, పళ్ళెం చూపించి తన భాషలో ఆ వంట పేరు చెబుతూ, నవ్వుతూ.

ఆ తరువాత చెయ్యి చాపి కృష్ణకుమారి నుదుటి మీది గాయపు మచ్చను తాకబోయింది.

కృష్ణకుమారి చటుక్కున వెనక్కి జరిగింది. మడి కట్టుకుని పూజకు కూర్చోబోతున్న వేళ మరి!

చాపిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ముసలావిడ పళ్ళెం గుమ్మం పక్కన బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం బడి నుంచి వచ్చిన మనవరాలు అనిక ఆ పళ్ళెం చూసి గంతులు వేసింది.

"ఇలోనా ఆంటీ స్ట్రూడల్! అమ్మమ్మా, చేస్తుంటే నేను చూశాను. ఎగ్ లేదు. టేబుల్ మీద పెద్ద క్లాత్ వేసి, పిండిని చేతుల మీద ఇలా ఇలా లాగుతుంది. కింద పేపర్ పెడితే చదవొచ్చు, అంత పల్చగా!"

"పూతరేకులాగానా?"

"యా! కానీ క్లాత్‌కి ఒక మూల చిరిగిపోయింది. కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటే ఊరికే నవ్వింది."

"చిరుగు గుడ్డ మీద పిండా! బాగానే ఉంది శుభ్రం. ఆ పొయ్యిలో అంతకుముందు ఏం కాల్చిందో ఎవరు చూశారు?"

"ఒక్క బైట్, అమ్మమ్మా..."

"ముట్టుకోకు."

అన్నం పరబ్రహ్మమని కంచంలో మెతుకు మిగలనివ్వని ఇల్లాలు, తానే ఆ పళ్ళెం తీసుకువెళ్ళి ఇంటి ముందున్న చెత్తడబ్బాలో బోర్లించింది.

తలెత్తితే, పళ్ళెం కోసం తిరిగివచ్చిన ఇలోనా ఎదురుగా ఉంది.

ఇలోనా ఖాళీ పళ్ళెం అందుకుని, కొంగులాంటి ఏప్రాన్‌తో తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

కృష్ణకుమారికి అదేమీ పట్టలేదు. ఆమె మనసంతా మరొకరి మీద ఉంది.

జనవరిలో, అమెరికాలో కూతురి ఇల్లున్న ఈ నేపర్‌విల్ వీధిలోనే, తాను మంచు మీద జారిపడి, తల పగిలి, స్పృహ తప్పింది. ఎవరో స్త్రీ గుడ్డ చింపి కట్టు కట్టి, అంబులెన్స్ వచ్చేదాకా ఆ తలను ఒడిలో పెట్టుకుని కూర్చుందట. ఆ కట్టే లేకపోతే ప్రాణం దక్కేది కాదన్నాడు డాక్టరు. పేరు మాత్రం ఎవరికీ తెలియలేదు.

ఆ గుడ్డపేలికను ఉతికి దేవుడి పీఠం మీద పెట్టుకుంది. దాని అంచున ఎర్రదారంతో కుట్టిన పువ్వు, సగమే మిగిలింది. రోజూ దానికి కూడా దీపం చూపేది.

"ఆ తల్లికి నా చేత్తో వడ్డించి, చీర పెట్టనిదే ఇండియా విమానం ఎక్కనే," అంది కూతురితో.

"ఎక్కడని వెతకనమ్మా? మన తెలుగు వాట్సాప్ గ్రూపులన్నిట్లో పోస్ట్ చేశాను. టెంపుల్‌లో అడిగాను," అంది శ్రీవిద్య.

"మళ్ళీ అడుగు. మనవాళ్ళే అయి ఉంటారు. పడినవాళ్ళ తల ఒళ్ళో పెట్టుకోవడం పరాయివాళ్ళకు చేతనవునా?"

మే నెల వచ్చింది. వీసా గడువు తీరింది, తెల్లవారితే ప్రయాణం. మొక్కు తీరని దిగులుతో కృష్ణకుమారి బొబ్బట్లు చేసి, దొరకని ఆ తల్లి పేరిట పీఠం ముందు ఒక పళ్ళెం వడ్డించింది.

అనిక లోపలికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో ఏదో మడత.

"ఇలోనా ఆంటీ పోయిన వారమే చనిపోయిందంట అమ్మమ్మా. వాళ్ళ మేనకోడలు వచ్చి ఇల్లు ఖాళీ చేస్తోంది. ఇది నీకు ఇమ్మని ఆంటీ పేపర్ మీద రాసి పెట్టిందంట."

"ఆ చిరుగు గుడ్డేనా? పూజగదిలోకి తేకు. అవతల..."

అనిక చేతిలో మడత విడింది. తెల్లని గుడ్డ, అంచు పొడవునా ఎర్రదారపు పువ్వులు.

కృష్ణకుమారి పీఠం మీది పేలికను తీసి ఆ చిరిగిన మూలకు ఆనించింది.

సగం పువ్వు తన రెండో సగాన్ని పోగుకు పోగు కలుసుకుంది.