గుండెపట్టీ

మగ్గం కార్డు ఉన్న నేతగాళ్లందరి చేతికీ సర్కారు, గుండెచప్పుడు కనిపెట్టే గుండెపట్టీ కట్టి రెండేళ్లయింది. ఈ వారం దాటితే గుండె ఆగిపోతుందని, రేపే ఆపరేషనని ఆ పట్టీయే చెంచయ్యకు కబురు చెప్పింది. పెద్దాసుపత్రిలో పరీక్షలన్నీ ఇవాళే ముగియాలి. లిఫ్టు రోగులకే కాబట్టి, భార్య మాణిక్యమ్మ ఫైలు పట్టుకుని మెట్లెక్కి ప్రతి అంతస్తులోనూ ముందే లైనులో నిలబడింది.

"నువ్వు మెల్లిగా రాయ్యా," అనేది రొప్పుతూ.

సాయంత్రం, ఆఖరి గదిలో డాక్టరు మర తెర మీంచి పలికింది. "మీ గుండెకు ఏ జబ్బూ లేదు."

మాణిక్యమ్మ చేతులు జోడించింది. మొగుడి భుజం మీది తువ్వాలు లాక్కుని, బస్సులో సీటు ఆపుతానంటూ బయటికి పరిగెత్తింది.

"అయితే పట్టీ పంపిన గుండెచప్పుడు మీది కాదు," అంది మర. "ఆపరేషన్ రద్దు చేశాం."

చెంచయ్య చేతి పట్టీ వంక చూసుకున్నాడు. నేతలో దారాలకు తగులుకుంటుందని రోజూ పట్టీ తీసేసేవాడు. తీస్తే అది కుయ్యోమని మొత్తుకునేది. దాని నోరు మూయించడానికి పక్కనే కూర్చుని నూలు కండెలు చుట్టే మాణిక్యమ్మ కట్టుకునేది, పొద్దుగూకేదాకా.

"అది మా ఆడమనిషి గుండె! రద్దు చెయ్యమాకండి, ఆమెకి చెయ్యండి!"

"ఆమెకు కార్డు లేదు. ఆమె పేరున గుండె నమోదు కాలేదు. ఇప్పుడు నమోదైతే ఆరు నెలలకు వంతు వస్తుంది."

చెంచయ్య మెట్ల దగ్గరికి ఉరికాడు.

"మాణిక్యం! పరిగెత్తమాకే!"

రెండంతస్తుల కింద నుంచి రొప్పుతో కలిసిన నవ్వు వినబడింది.

"నాకేమయ్యా, గుండ్రాయిలా ఉన్నా!"