ఖాళీ తిరగలి

"నువ్వూ బన్నీ పనిచేసే మీల్స్ హోటలేది, రేవంత్?" తమ్ముడు బన్నీ సామాను తీసుకెళ్లడానికి ఖమ్మం నుంచి కెనడా వచ్చిన ధాత్రి, వాగు ఒడ్డున నిలబడి అడిగింది.

"మీల్స్ కాదక్కా, మిల్లు! తెల్లదొరల కాలంనాటి పిండిమర. ఈ ఊరికి మొదటి ఫ్యాక్టరీ. ఇప్పుడు మ్యూజియం."

నవ్వబోతే ఏడుపొచ్చింది ధాత్రికి. మంచురోడ్డు మీద కారు జారి చనిపోయిన తమ్ముణ్ణి, ఏడాదంతా ఫోన్లో "వడ్డించడమేనా, నువ్వు తినేదుందా?" అని అడిగింది. ఆఖరిసారి, "కెనడా వెళ్లి మమ్మల్ని మర్చిపోయావురా" అని ఫోన్ పెట్టేసింది.

మిల్లు లోపల, సందర్శకులకు తిరగలి తిప్పి చూపించడానికి రేవంత్ నీటి గేటు ఎత్తబోయాడు. తిరగలి రాళ్ల మధ్య గింజ లేదు.

"ఆగు! ఖాళీ తిరగలి తిప్పితే ఇంట్లోవాళ్లకి కీడు!" ధాత్రి అరిచింది.

రేవంత్ బిత్తరపోయాడు. "బన్నీ కూడా అచ్చం ఇలాగే అరిచేవాడక్కా! రోజూ జేబులోంచి గుప్పెడు బియ్యం తీసి పోశాకే తిప్పనిచ్చేవాడు. ఎలకల్ని మేపుతున్నాడని అదిగో, ఆ మేనేజరమ్మ ఒకటే గోల."

చిన్నప్పుడు ఖాళీ తిరగలి తిప్పాడని వాడికి మొట్టికాయ వేసింది ఈ చెయ్యే. ఇక రాయి తిరుగుతుంది, వాడే తిరిగి రాడు.

మేనేజరమ్మ వైపు, సందర్శకుల వైపు తిరిగి, ధాత్రి తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది.

"ఆ బియ్యం ఎలకలకి కాదండీ. నాకోసం."