ఫారంలో లేని పరుగు

"అర్జీ పెట్టారని మళ్లీ లెక్క చూశాను బాబాయ్. మీ సబ్‌స్టేషన్‌కి పదికి ఒక్క మార్కే వచ్చింది. పోయిన కరెంటుని తామే తిరిగి వేసే స్మార్ట్ పరికరాలు ఇక్కడికి రావు," అంది ఇంజినీరమ్మ.

ఆపరేటర్ నోటిదాకా తెచ్చిన టీ గ్లాసు దించాడు. ఒకటో తారీకున అతను రిటైరవుతున్నాడు.

"ఒక్కటా? ఇక్కడి లైను బ్రేకర్ నా పెళ్లినాటిదమ్మా! ఈ గదిలోంచి దాన్ని వేసే స్విచ్ పనిచెయ్యక ఏడేళ్లు. లైను ట్రిప్పయి కరెంటు పోతే యార్డు చివరిదాకా పరిగెత్తి చేత్తో వెయ్యాలి."

"పాతదనానికి మార్కుల్లేవు. జనం ఎన్ని గంటలు కరెంటు లేకుండా ఉన్నారో, దానికే. ఐదు నిమిషాల్లోపు వచ్చేస్తే అది లెక్కలోకే రాదు. మీ లాగ్‌బుక్‌లో అంతకు మించిన కోత ఒక్కటీ లేదు."

"నేను పరిగెత్తబట్టి లేదు."

"పరుగుకి ఫారంలో గడి లేదు బాబాయ్."

అతను కిటికీలోంచి వీధి చివర పసుపు గోడల ఇల్లు చూపించాడు.

"అది మా ఇల్లు. మీ పిన్ని ఆక్సిజన్ మిషన్ మీద బతుకుతోంది. కరెంటు పోతే దాని బ్యాటరీ పది నిమిషాలు. ఇన్వర్టర్ దాన్ని లాగదు. నేను దిగిపోయాక ఎవరమ్మా పరిగెత్తేది?"

అంతలో బజర్ మోగింది, ఫ్యాను ఆగింది. గ్లాసు బల్ల మీద పెట్టీ పెట్టకుండానే అతను బయటపడ్డాడు. కంకర మీద చెప్పుల చప్పుడు, మధ్యలో ఎక్కడో కుంటిన చప్పుడు, చివరికి బ్రేకర్ వేసిన ధబ్బు. ఫ్యాను మళ్లీ తిరిగింది.

మోకాలు పట్టుకుని వచ్చి కూలబడ్డాడు. ఆమె వాచీ చూసి, ఫారంలో కోత గంటల గడిలో సున్నా వేసింది.

"మూడు నిమిషాలు. ఒక్క అరగంట కదలకుండా కూర్చుని ఉంటే, వచ్చే విడతకైనా మార్కులు పెరిగేవి," అంది మెల్లగా.

అతను పసుపు గోడల వైపు చూశాడు.

"ఇంతకీ ఆ పరికరాలు ఎవరికిచ్చారు?" అన్నాడు.

"పక్క సబ్‌స్టేషన్‌కి. పదికి తొమ్మిది. బిగింపు కూడా అయిపోవచ్చింది."

"అక్కడ బ్రేకర్లు కొత్తవి కదమ్మా!"

"కొత్తవే. ఆపరేటరే లేవడు."

"ఆ నిద్రమొహమా! బజర్ మోగితే దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుంటాడు."

"అందుకే గంటలు పోగయ్యాయి."

అతనికి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. చల్లారిన టీ పక్కకి జరిపాడు.

"పోనీ ఒక్క సాయం చెయ్యి తల్లీ. నా చోట కాస్త కాళ్లున్నవాణ్ణి వెయ్యమని పైవాళ్లతో చెప్పు."

ఆమె ఫైలు అడుగునుంచి ఒక కాగితం తీసి, అతని వైపు తిప్పింది.

"ఆర్డరు నిన్ననే వచ్చింది బాబాయ్. స్మార్ట్ సబ్‌స్టేషన్‌కి ఇక మనిషి అక్కర్లేదుగా... అక్కడి ఆపరేటర్నే మీ చోట వేశారు."