మూడు బుర్రలు కావాలి

“సాయంత్రంలోగా మూడు ల్యాప్‌టాప్‌లు కదలకపోతే, రేప్పొద్దున నువ్వు కదులుదువు గాని!”

యజమాని ధనరాజు ఆ మాట అనేసి వెళ్లి మూడు గంటలైంది. అరకు సంత వీధిలోని ఆ షాపులో సేల్స్‌మన్ ధర్మకి ఇంకా బోణీ కాలేదు. అప్పుడే పెదబయలు జీపు దిగి దేముడమ్మ లోపలికొచ్చింది. యాభై దాటిన మనిషి.

“బాబూ, ఊరోళ్ల అర్జీలు టైపు కొట్టే మనిషికి ఏటి మంచిది?”

“ల్యాప్‌టాప్‌కీ ఒక బుర్ర ఉంటాదమ్మా, ప్రాసెసర్ అంటారు. ఆ పనికి ఇంటెల్ ఐ-త్రీ సాలు. అర్జెంటు అర్జీకి గానీ, బుర్రకి కాదు!”

“మరి వెదురు కొమ్ముల కూర వండి, వీడియో తీసి, కత్తిరించి యూట్యూబులో పెట్టే మనిషికో?”

“అబ్బో! ఆ కుర్రోడికి ఐ-త్రీ ఇస్తే కూర ఉడికినా వీడియో ఉడకదు. రైజెన్ సెవెన్ పట్టుకెళ్లండి. ఎనిమిది కోర్లు, అంటే ఎనిమిదిమంది పని ఒకేసారి. కోర్లుంటేనే కోర్కెలు తీరతాయి!”

దేముడమ్మ ముసిముసిగా నవ్వింది. “మరి దూరవిద్యలో డిగ్రీ సదివే మనిషికి? మా ఊల్లో సిగ్నల్ లేదు. కొండెక్కి పొద్దంతా అక్కడే కూకుని పాఠాలు ఇనాల. కొండమీద ప్లగ్గుండదు గదా.”

“పాపం, ఆ గుంటకి స్నాప్‌డ్రాగన్ బుర్ర. పొద్దు వాలినా బ్యాటరీ వాలదు.”

ధర్మకి ఆ ఇంటిమీద ఎక్కడలేని గౌరవం పుట్టింది. ఊరికోసం రాసే పెద్దాయన, వంటతో పేరు తెచ్చుకునే కుర్రాడు, కొండెక్కి చదివే అమ్మాయి! తన ఇంట్లోనూ నలుగురున్నారు. నలుగురూ కలిసి చేసే పని టీవీ చూడటం ఒక్కటే.

“ఇల్లంటే మీదమ్మా! ఇంటిల్లిపాదికీ ఇంటెల్ అంటగడదామనుకున్నాను గానీ, ఎవరి బుర్ర వాళ్లదే.”

మూడు పెట్టెలూ బల్లమీద పేర్చాడు. ఉద్యోగం నిలబడినట్టే. బిల్లు పుస్తకం తెరిచాడు.

“మూడెందుకు బాబూ? మూడు పనులకీ పనికొచ్చేది ఒక్కటియ్యి, బేగి. జీపు ఎల్లిపోద్ది.”

“ఒక్కటా?” ధర్మ పెన్ను బిల్లు పుస్తకం మీదే ఆగిపోయింది. “పెద్దాయన టైపు కొట్టే వేళకి కుర్రోడు వీడియో కోస్తుంటే? ఇద్దరికీ అందకుండా గుంట కొండమీదకి పట్టుకుపోతే? ముగ్గురూ కొట్టుకు చావరా అమ్మా?”

“ఎలా కొట్టుకుంటారు బాబూ?” అంది దేముడమ్మ.

“ఆ ముగ్గురూ నానే.”