కారం వెన్న

గాంధీపురం బస్టాండు ముందు పాండి బండి మీద మక్కజొన్న కంకులు కాలుస్తున్నాడు. పట్టకారు ముట్టడు, నిప్పుల మీద ఉత్త చేత్తోనే తిప్పుతాడు.

"మా నాయనకు నిప్పంటే లెక్కలేదు," అని కూతురు సత్య వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెబుతుంది.

ఇవాళ కంకికి కారం వెన్న పూస్తుంటే అతని వేలి మీది బొబ్బ చిట్లింది. కారమంతా పుండులోకి దిగింది. పాండి పూస్తూనే ఉన్నాడు.

"నాయనా, మండలేదా?"

"ఏది మండేది?"

అతనికి షుగరొచ్చి ఆరేళ్లు. సత్య అతని పక్కకు జరిగింది. బండి చాటున వేలాడుతున్న అతని ఎడమచేతి వేళ్లను గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడు నీ చెయ్యి పట్టుకున్నానా, నాయనా?"

పాండి వంగి, చేతి వైపు చూశాడు.

"పట్టుకున్నావు కదా పాపా," అన్నాడు.