ట్రంపెట్: ఇడెల్లా ప్రూయిట్

"నిన్నెవరు రమ్మన్నారమ్మా?" వెర్నీస్ గొంతు తగ్గించి అడిగింది.

"ఎవరూ రమ్మనలేదు. అందుకే వచ్చాను," అంది ఇడెల్లా. కోటు విప్పలేదు. దాని కింద ఎత్తుగా ఉన్నదేమిటో కూతురికి తెలుసు. తల్లి ట్రంపెట్.

పొద్దున్న పది గంటలు. చికాగోలో ఓ రికార్డు కంపెనీ మూడో అంతస్తు. గోడలోంచి పెద్ద రేకు గొట్టం ఒకటి నోరు తెరుచుకుని ఉంది. దాని ముందు వాయించింది గోడ అవతల తిరిగే మైనపు పళ్ళెం మీద గీతలై పడుతుంది. ఆడమనిషి ట్రంపెట్‌ని రికార్డు చెయ్యడం ఆ కంపెనీకి అదే మొదలు. నేర్పింది తల్లి. పిలుపొచ్చింది కూతురికి.

"పదిహేడేళ్ళు డేరా కంపెనీల్లో ఊదాను. వానలో ఊదాను, జ్వరంతో ఊదాను. ఒక్కడైనా నా పేరడిగాడా? నిన్నగాక మొన్న పళ్ళు తోముకోవడం నేర్చుకున్నదానివి, నిన్ను ఉత్తరం రాసి మరీ పిలుస్తారా?"

"వాళ్ళు డాన్సు హాల్లో విన్నది నన్ను. నన్నేం చెయ్యమంటావు?"

"ఏం చెయ్యొద్దు. నా పాట మాత్రం ఊదకు."

"నాకొచ్చినవన్నీ నీ పాటలేనమ్మా."

ఇంతలో రికార్డింగు చూసే హోల్ట్ వచ్చి, ఇడెల్లాని వరండాలో బల్ల మీద కూర్చోమని తలుపు వేసేశాడు.

పల్చటి తలుపు. కూతురు మొదటిసారి ఊదింది మొదటినుంచి చివరిదాకా వినిపించింది. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని ఇడెల్లా చెవులు రిక్కించింది. దొరకలేదు. తనకి రెండు ఊపిర్లు పట్టే చోట పిల్ల ఒక్క ఊపిరితో దాటేసింది. మొన్న జలుబు చేస్తే దాని ఛాతీకి వెచ్చటి నూనె రాసింది తనే. ఎందుకు రాశానా అనుకుంది.

రెండోసారి సగంలో ట్రంపెట్ గొంతు చీలిపోయింది. వాయిద్యాలన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. తలుపు తెరిస్తే వెర్నీస్ చేతిరుమాలు పెదవికి అదుముకుని నిలబడి ఉంది. వారం రోజులు విడవకుండా సాధన చేసి, చేసి, కింది పెదవి చిట్లింది.

హోల్ట్ గడియారం చూసుకున్నాడు. "పాటకి రెండు పళ్ళేలుండాలి. ముద్ర తీసేటప్పుడు ఒకటి పాడైనా ఇంకోటి ఉంటుంది. పన్నెండింటికి ఈ గది వేరేవాళ్ళది. ట్రంపెట్ ఊదేవాళ్ళు ఇంకెవరన్నా ఉన్నారా?"

బ్యాండు వాళ్ళందరూ ఇడెల్లా కోటు వైపు చూశారు.

"నువ్వెలా అంటే అలా," అంది ఇడెల్లా కూతురితో. అప్పటికే కోటు గుండీలు సగం విప్పేసింది.

వెర్నీస్ పక్కకి జరిగింది. "ఊదమ్మా."

ఆ మూడు నిమిషాల్లో పదిహేడేళ్ళూ ఊదేసింది ఇడెల్లా. పాట అయ్యాక, హోల్ట్ తన పేరు అడుగుతాడని చెమట తుడుచుకుంటూ నిలబడింది.

"బావుంది," అన్నాడతను. "లేబుల్ మీద వెర్నీస్ ప్రూయిట్ అనే ఉంటుంది. కాగితాలన్నీ ఆ పేరు మీదే ఉన్నాయి."

ఇంటికెళ్ళే ట్రాములో ఇడెల్లా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

"ఊపిరి నాది, పేరు నీది. కడుపు చల్లబడిందా?"

"లేదమ్మా."

ఆ తర్వాత రెండు నెలల పాటు తల్లీకూతుళ్ళ మధ్య "ఉప్పు ఇటివ్వు" తప్ప వేరే మాట లేదు.

ఓ శనివారం మధ్యాహ్నం, వాళ్ళ ఇంటి కింద మంగలి షాపు నడిపే టాలివర్ మెట్ల దగ్గరనుంచి కేకేశాడు. "ఇడెల్లా, దిగి రా. పిల్లని కూడా తీసుకురా. రికార్డొచ్చింది."

షాపులో నలుగురు మొహాలకి సబ్బు నురగతోనే కూర్చుని ఉన్నారు. టాలివర్ రికార్డుని సంచిలోంచి తీసి ఇడెల్లా చేతికిచ్చాడు. లేబుల్ మీద బంగారు అక్షరాలు. *ట్రంపెట్: ఇడెల్లా ప్రూయిట్*.

ఆమె మూడుసార్లు చదువుకుంది. కూతురి వైపు తిరిగింది. "ఇదెలా జరిగింది?"

"నేనే రాశాను వాళ్ళకి. ఊదింది మా అమ్మ, అమ్మ పేరే వెయ్యండని."

ఇడెల్లా అందరి ముందూ కూతురి తల గుండెకి అదుముకుంది. "పిచ్చిదానా. నీ చోట నేనుంటే రాసేదాన్ని కాను."

"తెలుసులే," అంది వెర్నీస్.

టాలివర్ గ్రామఫోను పెట్టెకి కీ ఇచ్చి, రికార్డు ఎక్కించి ముల్లు పెట్టాడు. కాసేపు గరగర. తర్వాత ట్రంపెట్ లేచింది. సబ్బు మొహాలవాళ్ళు కుర్చీల్లో ముందుకి వంగారు. నురగ చొక్కాల మీద పడుతున్నా ఎవరూ తుడుచుకోలేదు.

"ఊదడమంటే ఇదీ," అన్నాడు టాలివర్ వెర్నీస్‌తో. "బాగా విను పిల్లా. మీ అమ్మలా ఊదాలంటే నీకింకో పదేళ్ళు పడుతుంది."

వెర్నీస్ తల వంచుకుంది. ఆమె భుజం మీదున్న ఇడెల్లా చెయ్యి బిగుసుకుపోయింది. సంతోషం పట్టలేక కాబోలు అనుకున్నారందరూ.

కంపెనీవాళ్ళు పేరు తల్లిదే వేశారు గానీ, అచ్చు తీసింది కూతురు మొదటిసారి ఊదిన పళ్ళేన్ని.