బిగిసిన మోచెయ్యి

"ముంజేతి ఎముకలు రెండూ అతికాయి. మోచెయ్యే బిగుసుకుపోయింది," అన్నాడు డాక్టరు. "కీలు సరిచేసిన మూడోవారం నుంచే వంచమన్నానా, లేదా?"

"కట్టు విప్పనిస్తేగా ఈ మహాతల్లి! ముద్దలు కూడా తనే పెట్టింది," అన్నాడు లారీ డ్రైవరు.

"మళ్లీ కీలు తప్పుతుందని భయమేసిందండీ," అంది భార్య.

"ఇప్పుడైనా రోజూ మీరే వంచాలమ్మా. లేకపోతే ఇక స్టీరింగు పట్టలేడు."

ఆ మాటకు ఆమె గుండె క్షణంపాటు తేలికపడింది. పాతికేళ్ల కాపురంలో అతను వరసగా మూడు నెలలు ఇంట్లో ఉండటం ఇదే మొదటిసారి. తన భయం కీలు గురించి కాదని అర్థమై, సిగ్గుతో చచ్చిపోయింది.

"వంచవే! ఈ చెయ్యి పోయాక నేనెందుకే?" అన్నాడతను ఏడుపు గొంతుతో.

ఆమె కళ్లు తుడుచుకుని మోచెయ్యి పట్టుకుంది.

"ఈసారి వెళితే ఎన్నాళ్లకొస్తావో ముందే చెప్పయ్యా," అంటూ వంచింది.